నగరం వైఫై, పక్కింటి రూటర్
(స్మారకోపన్యాసం పూర్తి పాఠం)



మాకు కమ్యూనికేషన్ పాఠాలు చెప్పిన మాస్టారి పేరిట ఏర్పాటైన ఈ ఉపన్యాసానికి విషయాన్ని కమిటీవారు నా ఇష్టానికే వదిలేశారు. నేను ఎంచుకున్నది ఆయన పాఠంలోంచి వచ్చినదే. కమ్యూనికేషన్ ల్యాబ్ మొదటి రోజున ఆయన ఒక ట్రాన్సిస్టర్ రేడియో తెచ్చి, మీడియం వేవ్‌లో విజయవాడ కేంద్రం పెట్టి, దాన్ని పట్టుకుని గదంతా తిరిగేవారు. ట్యూబులైటు చోక్ దగ్గరికి వెళ్తే పాట మీద ఒక రకం గరగర. ఫ్యాను రెగ్యులేటరు దగ్గర మరో రకం. "ఈ గోల ఎవరిది?" అని అడిగేవారు. ఎలా పోగొట్టాలో ఆ తర్వాత చెప్పేవారు. ఈ రోజు నగరమంతటికీ వైఫై పరిచేవాళ్లు ఎలా పోగొట్టాలన్న దగ్గరే మొదలుపెడుతున్నారు. ఎవరిది అన్న ప్రశ్న అడగనే అడగడం లేదు. ఈ సాయంత్రం నేను చెప్పదలచుకున్నది దాని గురించే.

మనందరికీ తెలిసిన అనుభవంతో మొదలుపెడతాను. రైల్వే స్టేషన్లోనో, బస్టాండులోనో, పార్కులోనో ఉచిత వైఫై బోర్డు కింద నిలబడతాం. ఫోనులో గీతలు నిండుగా ఉంటాయి. పేజీ మాత్రం తెరుచుకోదు. "సిగ్నల్ ఫుల్లుగానే ఉంది, నెట్ రావట్లేదు" అంటాం. ఆ గీతలు చెప్పేది ఒక్కటే: స్తంభం మీది పెట్టె మాట మన ఫోనుకు ఎంత గట్టిగా వినబడుతోందో. మన ఫోను మాట ఆ పెట్టెకు వినబడుతోందా, అసలు మాట్లాడటానికి ఫోనుకు వంతు దొరుకుతోందా అన్నవి గీతల్లో ఉండవు. నగర వైఫై కష్టాల్లో చాలా భాగం ఈ రెండు చోట్లే ఉంది.

ముందు చట్టం సంగతి. ఇంజినీరింగ్ విద్యార్థులు దీన్ని పరీక్షలో రాదని వదిలేస్తారు, కానీ మిగతా కథంతా దీని మీదే నిలబడి ఉంది. 1947లో అట్లాంటిక్ సిటీలో అంతర్జాతీయ రేడియో సదస్సు జరిగేనాటికే రేడియో తరంగాలతో వేడి పుట్టించే యంత్రాలు పరిశ్రమల్లోకి, ఆసుపత్రుల్లోకి వచ్చేశాయి. అవి మిగతా రేడియోలను పాడుచేయకుండా వాటికోసం కొన్ని ఫ్రీక్వెన్సీ ముక్కలు విడిగా ఉంచారు. 2450 మెగాహెర్ట్జ్ చుట్టూ ఉన్న ముక్క అలా వచ్చినదే. అందులో ఎవరైనా సమాచారం పంపుకోవాలనుకుంటే ఆ యంత్రాల గోలను భరించి పంపుకోవాలి. 1985 మే నెలలో అమెరికా కమ్యూనికేషన్ల కమిషన్ ఎఫ్‌సీసీ, మైకేల్ మార్కస్ అనే ఇంజినీరు పట్టుదల వల్ల, ఇలాంటి ముక్కల్లో స్ప్రెడ్ స్పెక్ట్రమ్ రేడియోలను లైసెన్సు లేకుండా వాడుకోనిచ్చింది. వైఫై పుట్టడానికి చోటు దొరికింది అక్కడే. షరతులు రెండు. నీ వల్ల ఇతరులకు హానికరమైన ఇంటర్‌ఫియరెన్స్ కలగకూడదు. ఇతరుల వల్ల నీకు కలిగితే భరించాలి.

మన దేశంలో 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండుకు లైసెన్సు అక్కర్లేదని 2005 జనవరిలో నిబంధనలు వచ్చాయి. ట్రాన్స్‌మిటర్ నుంచి గరిష్ఠంగా 1 వాట్, యాంటెన్నాతో కలిపి వెలువడే శక్తి 4 వాట్లు, యాంటెన్నా ఎత్తు భవనం పైకప్పు నుంచి 5 మీటర్ల లోపు. ఇతరులకు అంతరాయం కలిగించరాదు, రక్షణ అడగరాదు, ఎవరికీ సొంతం కాదు అన్న ప్రాతిపదిక మీదే ఈ అనుమతి. లైసెన్సు ఉన్నవారెవరైనా ఫిర్యాదు చేస్తే యాంటెన్నా జరపాలి, శక్తి తగ్గించాలి, అప్పటికీ కుదరకపోతే ఆపేయాలి.

దీని అర్థం ఒక్కసారి ఆలోచించండి. నగరపాలక సంస్థ కోట్లు పెట్టి వీధి స్తంభాల మీద బిగించిన పెట్టెకూ, ఆ వీధిలో మూడో అంతస్తులో అద్దెకుండే కుటుంబం కొనుక్కున్న చిన్న రూటరుకూ చట్టం ముందు ఒకే హోదా. "ఇది ప్రజాసేవ, మీ రూటర్ కట్టేయండి" అనే హక్కు నగరానికి లేదు. దీన్ని కొందరు అధికారులు చట్టంలో లోపం అంటారు. నేను అలా అనుకోను. ఈ సమానత్వం ఉండబట్టే ఎవరి అనుమతీ అడగకుండా ఇంటింటికీ వైఫై వచ్చింది. నగరం కూడా ఆ వీధిలో ఒక నివాసిగానే ప్రవర్తించాలి. ఇంజినీరింగ్ నిర్ణయాలన్నీ ఈ ఒక్క మాట నుంచే రావాలని నా వాదన.

దీనికి చక్కని దృష్టాంతం బోస్టన్‌లోని లోగన్ విమానాశ్రయంలో జరిగిన వివాదం. 2004లో కాంటినెంటల్ ఎయిర్‌లైన్స్ అక్కడి తన లాంజ్‌లో ప్రయాణికుల కోసం ఉచిత వైఫై పెట్టింది. విమానాశ్రయాన్ని నడిపే మాస్‌పోర్ట్ సంస్థ ఆ యాంటెన్నా తీసేయమంది. విమానాశ్రయానికి సొంత వైఫై ఉంది, దానికి డబ్బు కట్టాలి, లాంజ్ కూడా దాన్నే వాడుకోవాలన్నది వారి కోరిక. చెప్పిన కారణాల్లో ముఖ్యమైనది మాత్రం ఇంటర్‌ఫియరెన్స్: పోలీసులు, భద్రతా సిబ్బంది వాడే వైర్‌లెస్ వ్యవస్థకు లాంజ్ వైఫై అడ్డుపడుతుందన్నారు. కాంటినెంటల్ ఎఫ్‌సీసీ దగ్గరికి వెళ్లింది. 2006 నవంబరులో తీర్పు వచ్చింది: అద్దెకు తీసుకున్న చోట యాంటెన్నా పెట్టుకునే హక్కు కిరాయిదారుకు ఉంది, లైసెన్సు అక్కర్లేని బ్యాండులో ఎవరుండాలో ఎవరు ఉండకూడదో నిర్ణయించే అధికారం భవన యజమానికి లేదు.

ఈ కేసులో అందరూ మాట్లాడేది హక్కుల గురించే. నన్ను కలవరపెట్టేది మాస్‌పోర్ట్ చెప్పిన కారణం. ప్రాణాలకు సంబంధించిన సమాచారం నిజంగానే ఆ బ్యాండు మీద ఆధారపడి ఉంటే, తప్పు లాంజ్‌లో యాంటెన్నా పెట్టినవారిది కాదు. రక్షణ అడిగే వీలులేని చోట రక్షణ అవసరమైన పని పెట్టినవారిది. అమెరికాలో 4940 నుంచి 4990 మెగాహెర్ట్జ్ వరకు ఉన్న ముక్కను 2002లోనే ప్రజాభద్రతకు కేటాయించారు. ఒకే స్తంభం మీద రెండు రేడియోలు పెట్టి, ఒకదాన్ని ప్రజలకు, మరొకదాన్ని పోలీసులకు, అగ్నిమాపక దళానికి ఇచ్చే పద్ధతి సాధ్యమైంది అందుకే. మన నగరాల్లో స్మార్ట్ సిటీ పేరుతో కెమెరాలు, సిగ్నళ్లు, చెత్త బండ్ల జాడ, ఉచిత వైఫై అన్నీ ఒకే పెట్టెలో కుక్కుతున్నప్పుడు ఈ తేడా గుర్తుండాలి. ఉచిత వైఫై ఆగితే పౌరుడు విసుక్కుంటాడు. అంబులెన్సుకు దారి ఇచ్చే సిగ్నల్ ఆగితే జరిగేది వేరు.

ఇంటర్‌ఫియరెన్స్ భయం చూపి ఇతరులను తప్పించే ప్రయత్నం ఇంకో రూపంలోనూ వచ్చింది. నాష్‌విల్‌లోని ఒక పెద్ద హోటల్లో అతిథులు సొంత ఫోన్లతో పెట్టుకున్న హాట్‌స్పాట్లను తెంచే సంకేతాలు పంపినందుకు 2014లో మారియట్ సంస్థ 6 లక్షల డాలర్లు కట్టాల్సి వచ్చింది. వైఫై పెట్టెల నిర్వహణ సాఫ్ట్‌వేర్‌లో ఈ మీట సిద్ధంగానే ఉంటుంది. నగర నెట్‌వర్క్ నడిపేవారి చేతికీ అది వస్తుంది. దాన్ని ముట్టుకోకూడదని ఒప్పందంలోనే రాయించాలి.

ఇక గోల ఎలా పుడుతుందో చూద్దాం. 1971లో హవాయి విశ్వవిద్యాలయంలో నార్మన్ అబ్రామ్సన్ బృందం ద్వీపాల మధ్య కంప్యూటర్లను రేడియోతో కలిపింది. అలోహా అనే ఆ పద్ధతిలో ఎవరికి చెప్పాలనిపిస్తే వాళ్లు చెప్పేయడమే. ఇద్దరి మాటలు ఢీకొంటే ఇద్దరూ కాసేపు ఆగి మళ్లీ పంపుతారు. లెక్క వేస్తే ఆ దారిలో ఉపయోగపడేది గరిష్ఠంగా 18 శాతమే. వైఫై దీనికి ఒక మర్యాద చేర్చింది. మాట్లాడే ముందు విను, ఎవరైనా మాట్లాడుతుంటే ఆగు. ఇంట్లో ఈ మర్యాద బాగా పనిచేస్తుంది, ఎందుకంటే అందరూ ఒకరికొకరు వినబడతారు. వీధిలో అలా ఉండదు. కూడలికి ఒకవైపు టీ బండి దగ్గరున్న ఫోనుకు, మరోవైపు భవనం మూల తిరిగిన చోట ఉన్న ఫోను వినబడదు. దారి ఖాళీగా ఉందని రెండూ ఒకేసారి మాట్లాడతాయి. స్తంభం మీది పెట్టెకు రెండూ కలిసి వినబడతాయి, ఒక్కటీ అర్థం కాదు.

స్తంభం ఎత్తు తెచ్చే చిక్కు ఇంకొకటి ఉంది. నా దృష్టిలో నగర వైఫైకి ఇదే అసలు జబ్బు. ఎక్కువ దూరం చేరాలని పెట్టెను పైకి పెడతాం. పైనున్నదానికి చుట్టూ ఉన్న అపార్టుమెంట్లలోని రూటర్లన్నీ వినబడతాయి. మర్యాద ప్రకారం వాటిలో ఏది మాట్లాడుతున్నా అది ఆగాలి. కింద నిలబడ్డ మనిషి ఫోనుకు ఆ రూటర్లు వినబడవు, అందువల్ల అది ఆగదు. ఎత్తున్న పెట్టె నిరంతరం వంతు కోసం చూస్తూ ఉంటుంది. సిగ్నల్ నిండుగా ఉండి నెట్ రాకపోవడానికి ఇదొక ప్రధాన కారణం.

ఛానెళ్ల సంగతి చాలామందికి తెలిసిందే. మన దగ్గర 2.4 గిగాహెర్ట్జ్‌లో 13 ఛానెళ్లున్నాయంటారు. వాటి మధ్య ఎడం 5 మెగాహెర్ట్జ్, ఒక్కో సంకేతానికి కావలసిన వెడల్పు సుమారు 22. అంటే ఒకదాన్నొకటి తాకకుండా ఉండగలిగేవి 1, 6, 11 లాంటి మూడే. నగరం మొత్తం మూడే దారులు.

ఆ మూడు దారుల్లో ఎవరూ ఏమీ డౌన్‌లోడ్ చేయకపోయినా ఎంత నిండిపోతుందో ఒక లెక్క చెబుతాను. విద్యార్థులు రాసుకోవచ్చు. ప్రతి వైఫై పెట్టె "నేనున్నాను, నా పేరు ఇది" అని ఒక చిన్న ప్రకటన పంపుతూ ఉంటుంది. దాన్ని బీకన్ అంటారు. మామూలుగా 102.4 మిల్లీసెకన్లకు ఒకటి. పాత పరికరాలకు కూడా అర్థం కావాలని దాన్ని అన్నిటికంటే నిదానమైన వేగంలో, అంటే సెకనుకు 1 మెగాబిట్‌లో పంపుతారు. బీకన్ 250 బైట్లు ఉందనుకుంటే 2,000 బిట్లు, అంటే 2 మిల్లీసెకన్లు, ముందుండే తలకట్టుతో కలిపి 2.2. ఒక్క పేరుకు దారిలో 2 శాతం పోయింది. ఇప్పుడు నగర పెట్టెలో ప్రజలకొక పేరు, ఉద్యోగులకొక పేరు, కెమెరాలకొకటి, స్పాన్సర్ కంపెనీకి ఒకటి అని నాలుగు పేర్లు పెట్టాం. అదే ఛానెల్లో ఒకదానికొకటి వినబడే పెట్టెలు ఐదు ఉన్నాయి. ఇరవై పేర్లు, ఒక్కోటి 2 శాతానికి కాస్త పైన, మొత్తం 43 శాతం. ఇళ్లలోని రూటర్ల బీకన్లు ఇంకా కలపలేదు. దారిలో సగానికి దగ్గరగా పేర్లు చెప్పుకోవడానికే సరిపోయింది.

ఇది పక్కింటివారు చేసిన గోల కాదు, నగరం తన చేతులారా చేసింది. మందు కూడా చేతిలోనే ఉంది. కనిష్ఠ వేగాన్ని 6 మెగాబిట్లకు పెంచితే అదే బీకన్‌కు మిల్లీసెకనులో మూడో వంతు చాలు. పేర్లు ఒకటి రెండుకు కుదించవచ్చు. ఇందుకు కొత్త పరికరం ఒక్కటీ కొనక్కర్లేదు. అయినా ఎక్కువ చోట్ల చేయడం లేదు, ఎందుకంటే స్పాన్సర్ పేరు తీసేయడం ఇంజినీరు చేతిలో లేదు.

అమీర్‌పేటలో హాస్టళ్ల మధ్య ఒక మేడ మీద రాత్రి తొమ్మిది దాటాక స్పెక్ట్రమ్ ఎనలైజర్ పెట్టి చూస్తే మనవాళ్లు ఏ గాలిలో బతుకుతున్నారో తెలుస్తుంది. తెర మీద 1, 6, 11 దగ్గర మూడు గుట్టలు. వాటి మధ్య 3లోనో 4లోనో ఎవరో పెట్టుకున్న రూటర్లు. అవి రెండు వైపులా సగం సగం పాడుచేస్తాయి, కానీ వాళ్ల ఫోనులో "ఈ ఛానెల్ ఖాళీగా ఉంది" అని ఏదో యాప్ చెప్పి ఉంటుంది. 2450 దగ్గర దువ్వెన పళ్లలా గీతలు లేచి పడుతుంటే అది మైక్రోవేవ్ అవన్. మన కరెంటు సెకనుకు 50 ఆవృత్తులు. మామూలు అవన్‌లో తరంగం పుట్టించే మాగ్నెట్రాన్ ప్రతి ఆవృత్తిలో దాదాపు సగంసేపే వెలుగుతుంది. పది మిల్లీసెకన్ల గోల, పది మిల్లీసెకన్ల నిశ్శబ్దం. వైఫై ఆ సందుల్లోంచి దూరి బయటపడగలదు. దానికంటే చెడ్డది ఎక్కడో బిగించిన పాతకాలపు అనలాగ్ వైర్‌లెస్ కెమెరా. అది ఒక గీతగా కనిపిస్తుంది, ఎంతసేపు చూసినా ఆరదు. వినడం, ఆగడం అనే మర్యాద దానికి తెలియదు. ఆ ఛానెల్లో వైఫై పెట్టెలు దారి ఎప్పుడు ఖాళీ అవుతుందా అని చూస్తూనే ఉంటాయి.

ఆ తెర మీద కనిపించనిది కూడా ఒకటుంది. 2010లో ప్రభుత్వం వేలం వేసిన 2300 మెగాహెర్ట్జ్ బ్యాండు పై అంచు 2400. వైఫై మొదలయ్యేది సరిగ్గా అక్కడే. మధ్యలో ఖాళీ పట్టీ లేదు. నగరం తన పెట్టెను మొబైల్ టవర్ పక్కనున్న స్తంభం మీద బిగిస్తే, టవర్ సంకేతం వైఫై ఛానెల్లోకి రాకపోయినా, దాని బలానికి పెట్టె వినికిడి భాగం నిండిపోయి, దూరాన ఉన్న ఫోను సన్నని గొంతు వినబడకుండా పోతుంది. ఇందులో టవర్‌వారి తప్పు ఏమీ లేదు. వాళ్లు డబ్బు కట్టి కొనుక్కున్న చోటే ఉన్నారు. మంచి ఫిల్టరున్న పెట్టె కొనడం, అక్కడ 1కి బదులు 11వ ఛానెల్ పెట్టడం, ఏ కంపెనీ ఏ ముక్క వాడుతోందో ముందే అడిగి తెలుసుకోవడం నగరం పని. టెండర్లో ధర ఒక్కటే చూస్తే మొదట పోయేది ఆ ఫిల్టరే.

ఫిర్యాదులు రాగానే అందరికీ తట్టే పరిష్కారం శక్తి పెంచడం. పెళ్లిపందిట్లో ఒక మూల మైకు పెంచితే, పక్కవాళ్లు మాట వినబడక గొంతు పెంచుతారు. చివరికి పందిరంతా అరుపులే. రేడియోలో జరిగేదీ ఇదే, పైగా ఇక్కడ ఇంకో నష్టం కూడా ఉంది. పెట్టె 1 వాట్‌తో పంపగలదు, జేబులోని ఫోను పంపేది కొన్ని పదుల మిల్లీవాట్లు. యాంటెన్నా మంచిదైతే రెండు వైపులా మేలు చేస్తుంది. శక్తి పెంపు ఒక వైపే చేస్తుంది. పెట్టె మాట కిలోమీటరు వినబడి ఫోను మాట వంద మీటర్లు దాటకపోతే, మిగతా తొమ్మిది వందల మీటర్లలో మనం పంచుతున్నది గీతలు మాత్రమే, సేవ కాదు. ఆ తొమ్మిది వందల మీటర్లలోని ఇళ్ల రూటర్లకు మాత్రం నష్టం పూర్తిగా చేరుతుంది. 2014లో కాలిఫోర్నియాలో తెరిచిన లెవీస్ స్టేడియంలో దీనికి పూర్తిగా ఎదురు దారి పట్టారు. తక్కువ శక్తి పెట్టెలను సీట్ల కిందే బిగించారు. కూర్చున్న మనుషుల ఒళ్లే అడ్డుగోడలై, ఒక పెట్టె మాట దూరం పోకుండా ఆపుతాయి. జనం ఎంత నిండితే నెట్‌వర్క్ అంత కుదురుగా ఉంటుంది. జాతరలకు, పుష్కరాలకు తాత్కాలిక వైఫై వేసేవారు ఈ పద్ధతిని శ్రద్ధగా చూడాలి.

నగరమంతటికీ వైఫై అన్న కలను మొదట భారీగా కన్నది అమెరికా. 2004లో ఫిలడెల్ఫియా నగరం 135 చదరపు మైళ్లు కప్పుతామని ప్రకటించింది. ఎర్త్‌లింక్ సంస్థ ఆ పని తీసుకుంది. 2008 కల్లా వదులుకుంది. శాన్‌ఫ్రాన్సిస్కోలో అదే సంస్థ గూగుల్‌తో కలిసి చేయాలనుకున్నది 2007లోనే ఆగిపోయింది. డబ్బు లెక్కలే ప్రధాన కారణమన్నది నిజం. కానీ ఆ లెక్కలు తప్పడానికి వెనక రేడియో ఉంది. అనుకున్న పెట్టెలు చాల్లేదు, ఇటుక గోడల లోపలికి సిగ్నల్ దూరలేదు. వీధి దీపం నుంచి వీధి దీపానికి వైఫైతోనే కబురు అందించే మెష్ పద్ధతిలో, ఒకే రేడియో వినాలి, అదే మళ్లీ చెప్పాలి. ప్రతి అంగలో వేగం సగమయ్యేది, దారి రెండింతలు నిండేది. తమ గోలను తామే మోసుకుంటూ పోయే ఏర్పాటు అది.

అవన్నీ వృథా అనడం కూడా అన్యాయం. 2007 ఆగస్టు 1న మినియాపొలిస్‌లో మిస్సిసిపీ నది మీది వంతెన కూలి 13 మంది చనిపోయారు. సెల్‌ఫోన్ నెట్‌వర్కులు ఒత్తిడికి కూలబడ్డాయి. అప్పటికింకా పూర్తికాని నగర వైఫైని ఆ సాయంత్రం అందరికీ ఉచితంగా తెరిచారు, సహాయక బృందాలకూ అది పనికొచ్చింది. ప్రజల కోసం ఒక నెట్‌వర్క్ ఉండాలి అన్న మాట మీద నాకు ఏ సందేహమూ లేదు. 2020 డిసెంబరులో కేంద్రం ఆమోదించిన పీఎం వాణి పథకం కిరాణా కొట్టువాడు కూడా వైఫై అమ్ముకునేలా దారి తెరిచింది. నాకు అది స్తంభాల పథకాల కంటే మెరుగనిపిస్తుంది, ఎందుకంటే కొట్టువాడి పెట్టె కింద ఉంటుంది, చిన్నదిగా ఉంటుంది, కస్టమరు ఎదురుగానే ఉంటాడు.

ఇప్పటిదాకా మన నెట్‌వర్క్‌కు వచ్చే కష్టం చెప్పాను. మన వల్ల ఇతరులకు వచ్చే ప్రమాదం ఇంకా పెద్దది. ఇది ప్యూర్టోరికోలో సాన్ హువాన్ విమానాశ్రయం దగ్గర బయటపడింది. ముందు అక్కడి రాడార్ సంగతి చెప్పాలి. 1985 ఆగస్టులో డాలస్ దగ్గర డెల్టా 191 విమానం, దిగే సమయంలో మేఘం కింద ఒక్కసారిగా దూకిన గాలి దెబ్బకు కూలి, 137 మంది ప్రాణాలు పోయాయి. అలాంటి గాలిని ముందే పసిగట్టడానికి అమెరికా విమానాశ్రయాల దగ్గర ప్రత్యేక డాప్లర్ రాడార్లు పెట్టారు. అవి 5600 నుంచి 5650 మెగాహెర్ట్జ్ మధ్య పనిచేస్తాయి. 2009లో సాన్ హువాన్ రాడార్ తెర మీద మధ్య నుంచి అంచు దాకా గీతలు కనిపించసాగాయి. వాన కాదు, గాలి కాదు. ఆ గీత చూపిన దిక్కున వెతుక్కుంటూ వెళ్తే, ఎత్తైన భవనాల మీద, గుట్టల మీద ఇంటర్నెట్ ఇచ్చేవాళ్లు పెట్టిన 5 గిగాహెర్ట్జ్ పరికరాలు దొరికాయి.

రేడియో చట్టం దీన్ని ఊహించకపోలేదు. 2003 ప్రపంచ రేడియో సదస్సులో 5 గిగాహెర్ట్జ్ ముక్కలు వైఫైకి ఇచ్చినప్పుడే, రాడార్లున్న భాగంలో పరికరం ముందు రాడార్ కోసం విని, వినబడితే వెంటనే ఛానెల్ వదిలేయాలన్న నియమం పెట్టారు. డీఎఫ్‌ఎస్ అంటారు దాన్ని. దొరికిన పరికరాల్లో కొన్నింటిలో ఆ వినికిడి పనిచేయడం లేదు. పరికరంలో దేశం పేరు మార్చి మరో దేశం పెడితే ఆ నియమమే వర్తించని వీలున్నవీ ఉన్నాయి. స్తంభం మీద ఉద్యోగి ఒక మెనూలో ఒక దేశం ఎంచుకోవడం, విమానం నడిపేవాడికి ముందున్న గాలి కనబడకపోవడం. ఈ రెంటికీ మధ్య దూరం ఏమంత లేదు.

ఆ తర్వాత అమెరికాలో తీసుకున్న జాగ్రత్తల్లో నాకు బాగా నచ్చినది ఒక మామూలు జాబితా. అలాంటి రాడార్‌కు 35 కిలోమీటర్ల లోపు బయట 5 గిగాహెర్ట్జ్ పరికరం పెట్టేవారు రాడార్ ఫ్రీక్వెన్సీకి కనీసం 30 మెగాహెర్ట్జ్ ఎడం పాటించాలని, తమ వివరాలు ఒక పట్టికలో స్వచ్ఛందంగా నమోదు చేసుకోవాలని కోరారు. తెర మీద గీత కనబడితే ఎవరికి ఫోన్ చేయాలో ఆ పట్టికలో ఉంటుంది.

మన మచిలీపట్నం, విశాఖపట్నం తుపాను రాడార్లు ఎస్ బ్యాండువి, సుమారు 10 సెంటీమీటర్ల తరంగం. వైఫై బ్యాండులకు అవి దూరంగానే ఉన్నాయి, ఆ మేరకు మనం నిశ్చింతగా ఉండవచ్చు. కానీ ఢిల్లీలో, జైపూర్‌లో వాతావరణ శాఖ వాడే సీ బ్యాండు రాడార్లు 5 గిగాహెర్ట్జ్ పొరుగువి. 2018లో మన దేశం 5 గిగాహెర్ట్జ్‌లో 605 మెగాహెర్ట్జ్‌ను లైసెన్సు నుంచి మినహాయించింది. 2.4లో ఉన్న 83.5తో పోల్చితే ఏడు రెట్లు. నగర నెట్‌వర్కులు అటు జరగాల్సిందే. జరిగేటప్పుడు చుట్టుపక్కల ఏ రాడార్ ఏ ఫ్రీక్వెన్సీలో ఉందో వాతావరణ శాఖను అడిగి రాసుకోవడం మొదటి పని కావాలి.

కొత్తగా 6 గిగాహెర్ట్జ్ వస్తోంది కదా, అన్నీ తీరిపోతాయి అనేవారున్నారు. అమెరికా 2020లో అక్కడ 1,200 మెగాహెర్ట్జ్ తెరిచింది. మన దేశంలో 2025 మే నెలలో వచ్చిన ముసాయిదా నిబంధనల్లో కింది 500 మెగాహెర్ట్జ్ గురించి చెప్పారు: ఇంటి లోపల తక్కువ శక్తి, బయట అతి తక్కువ శక్తి. బయటికి అనుకున్నది 14 డీబీఎం, అంటే 25 మిల్లీవాట్లు. స్తంభం మీది పెట్టెకు అది ఎంతమాత్రం చాలదు. 6 గిగాహెర్ట్జ్ వల్ల నగరానికి మేలు వేరే దారిలో వస్తుంది: ఇళ్లలోని రూటర్లు అటు వెళ్తే 2.4 కాస్త ఖాళీ అవుతుంది.

స్తంభం నుంచి స్తంభానికి కబురు మాత్రం రేడియోతో మోయకూడదని నేను గట్టిగా అంటాను. ఆంధ్రప్రదేశ్‌లో కరెంటు స్తంభాల మీదుగా ఫైబర్ లాగిన అనుభవం మనకుంది. ఫైబర్ చేరని చోట్ల కోసం కాంతి కిరణంతో కబురు పంపే లింకులు 2,000 వాడతామని 2017 డిసెంబరులో గూగుల్ మాతృసంస్థకు చెందిన ఎక్స్‌తో కలిసి రాష్ట్ర ప్రభుత్వం ప్రకటించింది. సన్నని కాంతి కిరణం పక్కవాడి కిరణాన్ని ముట్టుకోదు. పొగమంచు దానికి శత్రువు, దాన్ని లెక్కలోకి తీసుకుని వేయాలి. స్తంభం దాకా ఫైబరో కాంతో వస్తే, రేడియో చేయాల్సింది చివరి యాభై మీటర్లే.

ఇక నగరపాలక సంస్థలకు నా విన్నపం. టెండర్లో ఎన్ని హాట్‌స్పాట్లు పెట్టారన్న లెక్కకు డబ్బు ఇవ్వకండి. ఆ లెక్క ఉన్నంతకాలం కాంట్రాక్టరు పెట్టెలు పెంచుతాడు, ఒక్కోటి ఇంకోదాని మీద గోల చేస్తుంది. ప్రతి పెట్టె దగ్గర దారి ఎంత శాతం నిండి ఉందో, అందులో మన బీకన్లు ఎంతో, కింద నిలబడ్డ ఫోను నుంచి పైకి ఎంత వేగం అందుతోందో కొలిచి, దాని మీద డబ్బు ఇవ్వండి. కొలత ఆఫీసు వేళల్లో కాదు, రాత్రి తొమ్మిదికి చేయించండి. మొదటి సర్వేలోనే వీధిలో ఇళ్ల రూటర్లు ఏ ఛానెళ్లలో ఉన్నాయో చూసి, మన పెట్టె వాటి పక్కన ఒదిగేలా పెట్టండి. పెట్టె బిగించాక ఆ ఇళ్ల నెట్ పాడైందా అని వెళ్లి అడగండి. అలా అడిగిన నగరం గురించి నేనింకా వినలేదు.

ప్రతి స్తంభం మీద కరెంటు శాఖవారు నంబరు రాస్తారు. దాని కిందే పెట్టె ఏ ఛానెల్లో ఉంది, ఎంత శక్తితో పంపుతోంది, ఫిర్యాదుకు ఏ నంబరుకు ఫోన్ చేయాలి అన్నవి తెలుగులో రాయించండి. ఆ వివరాలే నగరపాలక సంస్థ కార్యాలయంలో ఎవరు అడిగినా చూపేలా ఒక రిజిస్టర్లో ఉండాలి. ఫోన్ ఎత్తే ఉద్యోగికి ఫిర్యాదు రాసుకునే పనే కాదు, ఆ రోజే స్తంభం దగ్గరికి వెళ్లి, మూడో అంతస్తులోని ఇంటివాళ్లతో మాట్లాడి, మన పెట్టె శక్తి తగ్గించే అధికారం కూడా ఇవ్వండి.